పంచలోహ ఉంగరం 528 హెర్ట్జ్‌లో కంపిస్తుందా?

"పంచలోహ ఉంగరంలో ఐదు లోహాలకు ఐదు ఫ్రీక్వెన్సీలు. అవన్నీ కలిసి 528 హెర్ట్జ్ అవుతుంది. పైపొర పరమాణువులు ఎక్కువగా కంపిస్తాయి కాబట్టి ఆ శక్తి వేలి గుండా ఒంట్లోకి వెళ్తుంది. సైన్స్ కూడా ఒప్పుకుంది." వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న సందేశం సారాంశం ఇది. ఎవరైనా ఉంగరం పెట్టుకుంటే నాకేం పేచీ లేదు. పేచీ అల్లా ఆ చివరి వాక్యంతోనే.

528 హెర్ట్జ్ అంటే సెకనుకు 528 కంపనాలు, హార్మోనియం మీద పలికే స్వరం. ఉంగరం నేలమీద పడి ఖంగుమన్నా ఆ మోత వేల హెర్ట్జ్‌లో ఉంటుంది. పరమాణువుల వేగం ఇక చెప్పక్కర్లేదు: రాగిలో గరిష్ఠంగా సెకనుకు 7 లక్షల కోట్ల సార్లు, బరువైన బంగారంలో 5 లక్షల కోట్లకు కాస్త తక్కువ.

"ఐదు లోహాలకు ఐదు ఫ్రీక్వెన్సీలు" అన్న మాటకు ఒక పాత గొడవ గుర్తొస్తుంది. స్ఫటికంలో, అంటే లోహంలో లాగా పరమాణువులు క్రమంగా పేర్చుకున్న పదార్థంలో, కంపనాలు కొన్ని నిర్దిష్ట ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటాయని 1940లలో సి.వి. రామన్ గట్టిగా వాదించారు. కాదు, అవి మధ్యలో ఖాళీల్లేకుండా వరుసగా పరుచుకుని ఉంటాయన్నది జర్మనీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్ సిద్ధాంతం. ఒకప్పుడు బోర్న్‌ను బెంగళూరుకు పిలిపించింది రామనే! 1950లలో కెనడాలో బ్రాక్‌హౌస్ అనే భౌతిక శాస్త్రవేత్త న్యూట్రాన్లతో కొలిచి చూస్తే బోర్న్ మాటే నిలిచింది. ఆ కొలతల విధానానికి బ్రాక్‌హౌస్‌కు 1994లో నోబెల్ వచ్చింది. అంటే శుద్ధ లోహానికే ఒక్క అంకె లేదు. మిశ్రమ లోహంలో తేలిక పరమాణువు పక్కన బరువైనది, ఒక్కోదాన్ని పట్టుకున్న బలం ఒక్కోలా ఉంటుంది. అక్కడ ఫ్రీక్వెన్సీలు మరింత అలుక్కుపోతాయి.

పైపొర సంగతి సగం నిజం. రాగి లోపల ప్రతి పరమాణువుకూ 12 పొరుగువాళ్లు. పరమాణువులు బాగా దట్టంగా ఉన్న ముఖం (స్ఫటికపు ఒక వైపు తలం) మీద కూడా పైపొరలో 9 మందే. పట్టు తగ్గింది కాబట్టి ఊగే దూరం పెరుగుతుంది. మిశ్రమాల్లోనైతే పైపొర కూర్పే మారిపోవచ్చు. మూడు పాళ్లు రాగి, ఒక పాలు బంగారం ఉన్న స్ఫటికంలో ఒక ముఖం మీద సగానికి సగం బంగారు పరమాణువులే కనిపిస్తాయి. కానీ ఎక్కువ ఊగితే ఎక్కువ శక్తి ఉన్నట్టు కాదు. వదులు స్ప్రింగ్ అంతే శక్తితో ఎక్కువ దూరం ఊగుతుంది. గది ఉష్ణోగ్రతలో లోపలి పరమాణువుకూ పైదానికీ కంపన శక్తి దాదాపు సమానం. ఆ శక్తికి మనం పెట్టుకున్న పేరు వేడి. ఉంగరం వేలంత వెచ్చబడ్డాక ఇచ్చేదెంతో పుచ్చుకునేదీ అంతే. నికరం సున్నా.

"సైన్స్ ఒప్పుకుంది" అంటున్న ప్రయోగాలు శూన్యంలో శుభ్రం చేసిన స్ఫటికాల మీద, హీలియం లేదా ఎలక్ట్రాన్ పుంజాలతో జరిగినవి. మన ఉంగరం మీద ఉండేది ఆక్సైడ్, చెమట, సబ్బు. వేలు ఆకుపచ్చగా మారితే "విషాలు లాగేస్తోంది" అని కొందరు అదనంగా కలుపుతున్నారు. అది రాగి చెమటతో కలిసి ఏర్పడిన లవణం, కడిగితే పోతుంది.