బ్యాక్‌బోన్ టెండర్‌లో స్పీడు ఒక్కటే చూస్తే ఎలా?

యూనివర్సిటీలో బిల్డింగ్‌లన్నింటినీ కలిపే ప్రధాన నెట్‌వర్క్‌ను, అంటే బ్యాక్‌బోన్‌ను, మార్చాలని కమిటీ కూర్చుంటే మొదట వచ్చేది స్పీడు ముచ్చటే. కోర్‌లో, అంటే నెట్‌వర్క్ నడిమధ్యలో, సెకనుకు 100 గిగాబిట్లు పెడదామా, 400కి వెళ్దామా అన్న దగ్గర చర్చ మొదలై చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. కంపెనీల వాళ్లకీ అదే సులువు. బ్రోషర్ మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉండే అంకె అదే మరి. నా దృష్టిలో మాత్రం అది చిట్టచివర తేల్చుకోవాల్సిన విషయం. కేబుళ్లను కలిపి డేటాను పంచే పెట్టెలు, అంటే స్విచ్‌లు, ఏడెనిమిదేళ్లకు ఎలాగూ మారతాయి. భూమిలో వేసిన ఫైబర్, అది వెళ్లే దారి పాతికేళ్లు ఉంటాయి.

పాత క్యాంపస్‌లు పడ్డ ఇబ్బంది చూస్తే ఇది తెలుస్తుంది. 1990ల మొదట్లో 62.5 మైక్రాన్ల మల్టీమోడ్ కేబుల్ (వెడల్పైన పోగులో కాంతి చాలా దారుల్లో వెళ్లే ఫైబర్) వేయడం మామూలు. అప్పటి ఎఫ్‌డీడీఐ అనే నెట్‌వర్క్ పద్ధతి దాని మీద 100 మెగాబిట్ల వేగంతో 2 కిలోమీటర్ల దాకా నడిచేది. ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు. 1998లో గిగాబిట్ ఈథర్నెట్ వచ్చేసరికి అదే కేబుల్ మీద షార్ట్ రేంజ్ ఆప్టిక్ (కేబుల్ చివర కాంతిని పంపి, అందుకునే మాడ్యూల్) అందుకునే దూరం 275 మీటర్లకు, 2002లో 10 గిగాబిట్లు వచ్చేసరికి 33 మీటర్లకు పడిపోయింది. పక్క బిల్డింగ్‌కి కూడా అందదు. తర్వాత వచ్చిన ఓఎం3 మల్టీమోడ్ కథా ఇంతే: 10 గిగాబిట్లకు 300 మీటర్లు, 100 గిగాబిట్లకు 70. కాంతి ఒక్క దారిలోనే వెళ్లే సన్నని సింగిల్ మోడ్ ఫైబర్ వేసుకున్నవాళ్లు మాత్రం చివర్లో ఆప్టిక్స్ మార్చుకుంటూ వెళ్లిపోయారు. ఆ కేబుల్ మీద 10 గిగాబిట్లైనా, 100 అయినా 10 కిలోమీటర్లు పోయే ఆప్టిక్స్ ఉన్నాయి. కేబుల్‌గా అది ఖరీదైనదేమీ కాదు, ఆప్టిక్సే కాస్త ఎక్కువ. బిల్డింగ్‌ల మధ్య ఇప్పటికీ మల్టీమోడ్ ప్రతిపాదించే కన్సల్టెంట్ ఉంటే కారణం అడగాల్సిందే.

తవ్వకానికయ్యే ఖర్చు ముందు కేబుల్‌లో అదనపు ఫైబర్ పోగుల ఖర్చు చాలా తక్కువ. 12 చాలనిపించిన చోట 48 వేసుకోవచ్చు. ఇంకో సంగతి, ఒకదానికి ఒకటి బ్యాకప్‌గా వేసిన రెండు లింకులూ భూమిలో ఒకే గొట్టంలో (డక్ట్) వెళ్తే జేసీబీ ఒక్క దెబ్బకు రెండింటినీ తెంపేస్తుంది. డ్రాయింగ్‌లో రెండు గీతలు కనిపిస్తాయి కాబట్టి అప్పటిదాకా అందరూ బ్యాకప్ ఉందనే అనుకుంటారు.

ఇక డిజైన్. క్యాంపస్ మొత్తాన్ని ఒకే పెద్ద స్విచ్చింగ్ నెట్‌వర్క్‌గా సాగదీయడం తేలిక, ఐపీ అడ్రస్‌లు మార్చే పని ఉండదు. దాని ఫలితం ఏమిటో 2002 నవంబర్‌లో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్‌లో కనిపించింది. హార్వర్డ్ వైద్య విద్యార్థులు శిక్షణ పొందే ఆసుపత్రి అది. ముక్కముక్కలుగా పెరిగిన అక్కడి నెట్‌వర్క్‌లో ఒక రీసెర్చర్ సాఫ్ట్‌వేర్ నుంచి పోటెత్తిన డేటాకు డేటా చుట్టూ తిరగకుండా ఆపే స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు తట్టుకోలేక లూపులు ఏర్పడ్డాయి. నాలుగు రోజులు డాక్టర్లు కాగితాల మీద పని నడిపారు. అక్కడ కొరత బ్యాండ్‌విడ్త్‌ది కాదు. ఒక మూల వచ్చిన తేడా ఇంకో మూలకు పాకకుండా ఆపే అడ్డుగోడ లేదు. ప్రతి బిల్డింగ్‌నూ విడి నెట్‌వర్క్‌గా ఉంచి, దాని దగ్గరే డేటాకు దారి చూపే రూటింగ్ ఉంటే ఆ బిల్డింగ్ గోల ఆ బిల్డింగ్‌లోనే ఆగుతుంది. కాబట్టి బిల్డింగ్ స్విచ్‌లకు రూటింగ్ లైసెన్స్ ధరలో కలిసి ఉందో, విడిగా కొనాలో ముందే అడగాలి.

పరిశోధన చేసే యూనివర్సిటీకి స్పీడు కన్నా ప్యాకెట్ నష్టం, అంటే పంపిన డేటా ముక్కలు దారిలో పోవడం, పెద్ద తలనొప్పి. అమెరికా ఇంధన శాఖ పరిశోధన నెట్‌వర్క్ ఈఎస్‌నెట్ ఇంజినీర్లు 2013లో ఒక పేపర్‌లో దీనికి మంచి ఉదాహరణ ఇచ్చారు. ఒక రూటర్‌లో పాడవుతున్న 10 గిగాబిట్ లైన్ కార్డు (పోర్టులుండే బోర్డు) 22,000 ప్యాకెట్లలో ఒకటి పోగొడుతోంది. అంటే సుమారు 0.0045 శాతం. రూటర్ సొంత లెక్కల్లో ఆ నష్టం కనిపించలేదు, విడిగా నడుపుతున్న కొలత సాఫ్ట్‌వేర్ పట్టుకుంది. అంత చిన్న నష్టానికి ఏమవుతుందంటారా? ప్యాకెట్ పోగానే వేగం తగ్గించుకుని, దూరం పెరిగేకొద్దీ మెల్లగా కోలుకునే పాత తరహా టీసీపీతో (డేటా పంపే పద్ధతి ఇది), మామూలు 1,500 బైట్ల ప్యాకెట్లతో లెక్క కడితే, రానుపోను ఒక మిల్లీసెకన్ పట్టే క్యాంపస్ లోపల ఒక్కో కనెక్షన్‌కు ఉజ్జాయింపుగా 2 గిగాబిట్లు వస్తాయి. 100 మిల్లీసెకన్ల దూరంలో ఉన్న ల్యాబ్‌కి 20 మెగాబిట్లే. లోపల స్పీడ్ టెస్ట్ బ్రహ్మాండంగా ఉంటుంది, బయటికి పంపే ఫైలు మాత్రం నత్తనడక నడుస్తుంది. నెట్‌వర్క్ వాళ్లు సర్వర్ తప్పంటారు, సర్వర్ వాళ్లు నెట్‌వర్క్ తప్పంటారు.

అందుకే స్విచ్ బఫర్, అంటే రద్దీలో ప్యాకెట్లు ఆగే మెమరీ, ఎంతో అడగాలి. 10 గిగాబిట్ల లింకు మీద 100 మిల్లీసెకన్ల దూరానికి ఏ క్షణమైనా దారిలో ఉండే డేటా 125 మెగాబైట్లు. చవక స్విచ్‌లలో పోర్టులన్నీ కలిసి పంచుకునే బఫర్ అందులో చిన్న భాగమే. అంత మొత్తం బఫర్ అక్కర్లేదు కానీ, 100 గిగాబిట్ల నుంచి 10కి దిగే చోట ఆ చిన్న బఫర్ ఇట్టే నిండిపోతుంది. ఐదు నిమిషాల సగటు గ్రాఫ్‌లో లింకు 20 శాతమే వాడినట్టు కనిపిస్తూనే పోయిన ప్యాకెట్లను లెక్కపెట్టే డ్రాప్ కౌంటర్ పెరిగేది ఇలాంటి చోటే. భారీ ఫైళ్లు పంపే సర్వర్లను మామూలు క్యాంపస్ ఫైర్‌వాల్ వెనక కాకుండా, విడిగా, కట్టుదిట్టమైన నియమాలతో అంచులో పెట్టాలన్నదే ఆ పేపర్ చెప్పిన సైన్స్ డీఎంజెడ్ పద్ధతి. సెక్యూరిటీ టీమ్ అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఈ వాదన పరికరాలు కొనకముందే జరిగిపోవాలి.

హాస్టళ్లు, వైఫై వేరే రకం భారం. ఒక ఫోన్‌కు పాత పద్ధతి ఐపీవీ4 అడ్రస్ ఒకటి ఉంటే కొత్త పద్ధతి ఐపీవీ6 అడ్రస్‌లు మూడు నాలుగు ఉండొచ్చు. దానికి తోడు ఫోన్లు ప్రైవసీ కోసం మ్యాక్ అడ్రస్‌లు (పరికరాన్ని గుర్తించే నంబర్లు) మారుస్తున్నాయి. కోర్ స్విచ్‌లో పోర్టులు ఖాళీగా ఉన్నా ఈ అడ్రస్‌లన్నీ గుర్తుంచుకునే టేబుల్ నిండిపోవచ్చు. డేటాషీట్‌లో కనిపించే పెద్ద అంకె తరచూ మిగతా టేబుళ్లన్నీ తగ్గించుకుంటేనే వచ్చేది. ఐపీవీ4, ఐపీవీ6 కలిపి వాడితే ఎంత వస్తుందో రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఆప్టిక్స్ బిల్లు చూసి చాలామంది ఉలిక్కిపడతారు. పోర్టులు నింపేసరికి స్విచ్ ధరను దాటిపోయే సందర్భాలున్నాయి. మాడ్యూల్ సైజులూ కనెక్షన్లూ కంపెనీలన్నీ ఒప్పుకున్న పద్ధతిలోనే ఉన్నా, కొన్ని స్విచ్‌లు మాడ్యూల్‌లోని చిప్ చదివి తమ బ్రాండ్ కాకపోతే పోర్టు ఆపేస్తాయి. వేరే కంపెనీ ఆప్టిక్ పెట్టినా సపోర్ట్ ఇస్తామన్న షరతు టెండర్‌లోనే ఉండాలి. కొన్నాక అడిగితే ఎవరూ పట్టించుకోరు.

పరీక్షలు కూడా సొంత షరతులతోనే జరగాలి. ట్రాఫిక్ నడుస్తుండగా ఒక పవర్ సప్లై పీకాలి, ఒక ఫైబర్ లాగాలి, సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేయాలి, ప్రతిసారీ ఎన్ని సెకన్లు ఆగిందో రాసుకోవాలి. రేపు ఆ పెట్టెను నడపబోయే సిబ్బందే ఈ పనంతా చేయాలి, కంపెనీ ఇంజినీరు పక్కన నిలబడి చూస్తే చాలు. తుది చెల్లింపు ఆ ఫలితాలు కాగితం మీదికి వచ్చాకే.