వడియాల పక్కన ఆరిన తూటాలు

గాలి తుపాకీతో ఒకళ్ళమీదొకళ్ళు పేల్చుకుని ఆడే రంగు తూటా, అదే పెయింట్‌బాల్, అచ్చంగా రేగుపండంత ఉంటుంది. అడ్డం కొలత 0.68 అంగుళం, అంటే 17 మిల్లీమీటర్ల పైచిలుకు. తూకం 3 గ్రాములు. పట్నంలో ఆడేవాళ్ళకి ఈ పోలికతో పనిలేదు. కోనసీమలో, అందులోనూ భోగి నాడు సెట్టు తెప్పించినవాళ్ళు మాత్రం దీన్ని కొంగున ముడేసుకోవాలి. సంచి విప్పి అరుగు మీద వదిలేశారా, చూపు ఆనని నాయనమ్మగారు అందులోంచి ఓ దోసెడు తీసి, చేమంతి రేకులూ చిల్లర డబ్బులూ చెరుకు ముక్కలూ కలిపి మునిమనవడి నెత్తిన పోసేస్తారు. పిల్లాడికేం కాదు. బాల్స్ గెంతుకుంటూ చాప దిగి పోతాయి. హారతిచ్చి వెనక్కి అడుగేసిన పేరంటాళ్ళ కాళ్ళ కింద మాత్రం టప్పు టప్పున పేలతాయి.

పేలితే కంగారు పడక్కర్లేదు. పైనుండేది జెలటిన్ తొడుగు, మందుల షాపులో క్యాప్సూల్‌కి ఉండేలాంటిదే. లోపల పాలీఇథిలీన్ గ్లైకాల్, కాస్త రంగు. తడిగుడ్డ పెడితే పోతుంది. అలాగని నోట్లో వేసుకునే సరుకు కాదు. వీధికుక్క గుప్పెళ్ళ కొద్దీ మింగిందంటే దాని ప్రాణం మీదికొస్తుంది. పిల్లలకీ కుక్కలకీ అందకుండా దాచండి. నాయనమ్మగారి సంగతి మీ ఇష్టం.

ఇంతకీ సెట్టెందుకొచ్చిందంటే, పండక్కొచ్చిన కొత్త అల్లుడుగారి కోసం. కోడిపందేలు ఆయనకి పడవు. పేకాట అత్తారింట్లో బాగోదు. బావమరుదులు ముగ్గురూ ఆలోచించి పది మాస్కులూ, పది మార్కర్లూ, గాలి సిలిండర్లూ అద్దెకి తెస్తారు, ఓ పెట్టెడు బాల్స్ కొంటారు. పెట్టెకి 2000 బాల్స్, సంచికి 500 చొప్పున నాలుగు సంచులు. వాటితో పాటు మార్షల్ అనే కుర్రాడొకడొస్తాడు. ఆటకి వాడే అంపైరు, వాడే మెకానిక్కు. వచ్చీ రాగానే "గన్ననకండి సార్, మార్కర్ అనాలి" అంటాడు. ఆ మాట రెండు రోజుల్లో నలభైసార్లు అంటాడు, ఒక్కరూ వినరు.

సంచులు మూడు విప్పుతారు, సరిగ్గా 500 ఉన్నాయో లేదో లెక్కపెట్టాలి కదా. నాలుగోది మావగారు పట్టుకుపోయి, మూత బిగిసే స్టీలు డబ్బాలో పెట్టేస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. ఆయన కరెంటు బిల్లు కూడా అందులోనే పెడతారు.

జెలటిన్‌కి చెమ్మంటే మహా ఇష్టం. పుష్యమాసపు మంచు, పక్కన పంటకాలవ, పెరట్లో కొబ్బరితోట, తోటంతా బోదెలు. ఆ గాలిలో రాత్రంతా మూత లేకుండా ఉన్న బాల్ అప్పడంలా మెత్తబడటంతో ఆగదు, ఉబ్బుతుంది కూడా. మార్కర్ గొట్టం లోపలి కొలత బాల్ కంటే వెంట్రుకవాసి ఎక్కువ, అంతే. బాల్ అరమిల్లీమీటరు లావెక్కితే గొట్టంలో పట్టదు, బలవంతంగా దూరితే అక్కడే చితుకుతుంది.

తెల్లారి అత్తగారు ఓ బాల్ నొక్కి చూస్తారు. జివ్వున లోపలికి పోతుంది. ఆవిడకి తెలిసిన వైద్యం ఒక్కటే. డాబా మీద పాత పంచె పరిచి, బూడిదగుమ్మడి వడియాల పక్కనే పదిహేనువందల బాల్సూ ఆరబోస్తారు. పదింటప్పుడోసారి, పన్నెండింటప్పుడోసారి వచ్చి తిరగేస్తారు కూడా. వడియాలైతే మహారాజులా ఆరతాయి. బాల్స్ ఆరవు. తాగిన చెమ్మ వెనక్కి సమానంగా రాదు, ఎండకి తొడుగు ఇంకా మెత్తబడుతుంది, పడుకున్న వైపు పల్లమౌతుంది. మధ్యాహ్నానికి కొన్ని బొబ్బట్లు, కొన్ని రెండేసి మూడేసి అంటుకున్న కవలలు. ఒకసారి గుండ్రం పోయిన బాల్ మళ్ళీ గుండ్రం కాదు. దాన్నింక ఏ అత్తగారూ బాగుచెయ్యలేరు.

చెయ్యాల్సింది చాలా తేలిక. ఆటకి ముందుదాకా సంచి సీలు విప్పకండి. ఏసీ గది ఉంటే అందులో, లేకపోతే నీడపట్టున గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. రోజుల తరబడి ఉంచాల్సొస్తే అప్పుడప్పుడూ సంచిని బోర్లించండి, ఒకే పక్కన ఒత్తుకోకుండా ఉంటాయి. ఫ్రిజ్ జోలికి పోకండి. చల్లటి బాల్ పెళుసెక్కుతుంది, బయటికి తియ్యగానే ఒళ్ళంతా నీళ్ళు పడుతుంది. బాల్ బాగుందో లేదో తేల్చడానికి గొట్టాన్ని మార్కర్ నుంచి విప్పి, అందులో బాల్ వేసి చూడాలి. జారి కింద పడితే గొట్టం వదులు. లోపల నిలిచి, నోటితో ఊదితే పోతే సరైన జోడీ. ఊదినాయన బుగ్గలుబ్బి కళ్ళు ఎర్రబడ్డాయంటే ఆ సంచి పక్కన పడెయ్యండి.

అల్లుడుగారు ఊదుతారు, కళ్ళు ఎర్రబడతాయి కూడా. అయినా పడెయ్యరు, డబ్బులు పోసి కొన్నవి మరి.

బట్టల దగ్గర ఇంకో పేచీ. అత్తారు పెట్టిన పట్టుపంచెతో తోటలోకి దిగుతానంటే మార్షల్ ఒప్పుకోడు. బాల్ సెకనుకి 300 అడుగుల లోపు వేగంతో వస్తుంది, అద్దె సెట్లలో ఇంకాస్త తగ్గించే పెడతారు. ఆ వేగంలో కూడా ఒంటికి అతుక్కున్న టీషర్టు మీద తగిలితే రూపాయి బిళ్ళంత ఎర్రగా కందుతుంది, వారం పోయినా భార్యకి సమాధానం చెప్పుకోవాల్సిందే. వదులుగా, పొడుగు చేతులతో, ఒకదాని మీద ఒకటి రెండు చొక్కాలు వేసుకుంటే బాల్ దెబ్బ గుడ్డలోనే సగం చస్తుంది. మెడకి కండువా, చేతులకి గ్లౌజులు, కాళ్ళకి బూట్లు. కొబ్బరిమట్టల మీద చెప్పులతో పరిగెత్తిన మొనగాడెవడూ లేడు. అన్నిటికంటే ముందు, దింపు అయిన తోటే చూసుకోండి. మాస్కు తట్టుకునేది 3 గ్రాముల బాల్‌ని, కొబ్బరికాయని కాదు.

చిన్న బావమరిది ఈలోగా స్క్రూ తిప్పి స్పీడు పెంచడానికి చూస్తాడు. మార్షల్ క్రోనోగ్రాఫ్ అనే వేగం కొలిచే పెట్టె తెచ్చేది అలాంటివాళ్ళ కోసమే. ప్రతి మార్కర్నీ దాని ముందు పేల్చి, అంకె చూసి, అప్పుడు చేతికిస్తాడు. మాస్కు అద్దం ఆ వేగానికి తట్టుకునేలా చేసింది, మీ ఉత్సాహానికి కాదు. గాలి బదులు కార్బన్ డయాక్సైడ్ సీసా తెచ్చుకుంటే ఎండలో పెట్టకండి, కారు అద్దం వెనక అసలే వద్దు. 31 డిగ్రీలు దాటాక లోపలి ద్రవం ద్రవంగా ఉండదు, ఒత్తిడి పెరిగిపోతుంది, ఒక్కో బాల్ ఒక్కో వేగంతో పోతుంది. సంక్రాంతికి సర్దుకుపోవచ్చుగానీ రోహిణికార్తెలో పనికిరాదు.

మాస్కుతోనే అసలు గొడవ. గారెలూ, అరిసెలూ, పరమాన్నం పట్టించి వచ్చిన మనిషి కొబ్బరితోటలో ముప్ఫై అడుగులు పరిగెత్తితే వచ్చే ఆవిరి ఇడ్లీపాత్రకి కూడా రాదు. ఆ వేడి ఊపిరి అద్దానికి తగిలి మంచులా పడుతుంది. రెండు పొరల థర్మల్ అద్దమైతే మధ్యలో గాలి ఉంటుంది కాబట్టి లోపలి పొర అంతగా చల్లబడదు, మసక తక్కువ. అద్దె మాస్కుల్లో అన్నీ అవి ఉండవు, అడిగి మరీ తీసుకోండి. దాన్ని కుళాయి కింద పెట్టి కడగకండి. నీళ్ళు పొరల మధ్యకి దూరితే అద్దం అక్వేరియమే. కండువా కొసతో లోపల గట్టిగా రుద్దినా మసక పట్టనివ్వని పూత పోతుంది.

అల్లుడుగారు రుద్దుతారు. రుద్దడానికి, ఆట మధ్యలో, మాస్కు పైకెత్తుతారు.

ఈ ఆటలో మన్నించరాని తప్పు ఇదొక్కటే. మార్షల్ ఈల ఊదగానే అందరూ మార్కర్లు నేలకి దించాలి. కంటికి ఏమీ కనపడకపోతే ఉన్నచోటే కూర్చుని "మార్షల్!" అని కేకెయ్యాలి. మాస్కుని చేత్తో అదిమిపట్టుకోవాలి. అతనొచ్చి చెయ్యి పట్టుకుని గిరి బయటికి తీసుకుపోతాడు, అక్కడ ఎంతసేపైనా తుడుచుకోవచ్చు. కొత్త అల్లుణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించడం గౌరవమో అగౌరవమో తేలక బావమరుదులు నవ్వాపుకుంటూ గడ్డిమేటు వెనక్కి పోతారు.

మళ్ళీ ఈల. ఈసారి అల్లుడుగారు కొబ్బరిచెట్టు చాటు చూసుకుంటారు. కొబ్బరిచెట్టు మానెంత? మూడ్రోజుల అత్తారింటి భోజనం తర్వాత ఆయనెంత? చెట్టు ఆయన ముక్కునీ చొక్కా గుండీలనీ దాస్తుంది, మిగతా అంతా కుడిఎడమల కనిపిస్తూనే ఉంటుంది. చాటు కావాలంటే కొబ్బరిడొక్కల గుట్ట చూసుకోవాలి, లేదా నీళ్ళు లేని బోదెలో బోర్లా పడుకోవాలి. చాటు పైనుంచి తల ఎత్తి చూడకూడదు, పక్కనుంచి తొంగి చూడాలి.

గురి పెడతారు. పాతిక ముప్ఫై మీటర్ల దాకానే ఈ బాల్ మీద భరోసా. ఆపైన వంగిపోతుంది, తగిలినా పగలకుండా గెంతుతుంది. పగిలితేనే అవుటు, చిందిన రంగు పడితే కాదు. ఆయన అరవై మీటర్ల దూరంలో ఉన్న పెద్ద బావమరిది మీద ట్రిగ్గర్ టకటకా నొక్కేస్తారు. మార్కర్ పైన బాల్స్ పోసే డబ్బాలో, అంటే హాపర్లో, 200 బాల్స్ ఉంటాయి, బరువుకి ఒక్కోటే కిందికి జారాలి. మరీ వేగంగా నొక్కితే సగం దిగిన బాల్‌ని, దాన్ని గొట్టంలోకి తోసే బోల్టే కత్తిరిస్తుంది. ఇక ఉబ్బిన బాల్స్ అయితే చెప్పేదేముంది! గొట్టం నిండా గుజ్జు. ఆ గుజ్జులోంచి వచ్చే తర్వాతి బాల్ తిన్నగా పోదు, వశిష్ఠ పాయలా మలుపు తిరుగుతుంది. ఎదురుగా ఉన్నవాడికి తప్ప అందరికీ తగులుతుంది, చూడ్డానికొచ్చిన పక్కింటి బాబాయిగారి లాల్చీతో సహా.

అప్పుడు గొట్టంలోకి తొంగి చూడకండి. పట్నవాసులైనా పల్లెటూరివాళ్ళైనా అందరూ మొదట చేసేది అదే. ముందు సేఫ్టీ వెయ్యాలి, గొట్టం మూతికి గుడ్డ తొడుగు బిగించాలి, గిరి బయటికి రావాలి, మార్షల్ చేత గాలి విప్పించాలి. అప్పుడు గొట్టం ఊడదీసి, రబ్బరు బిళ్ళల స్క్వీజీని ఒక కొసలోంచి దూర్చి రెండో కొసలోంచి లాగితే గుజ్జంతా వచ్చేస్తుంది.

మార్షల్ ఆ పనిలో ఉండగా మావగారు వచ్చి కూర్చుంటారు. కుర్రాడు ఉబుసుపోక ఆట పుట్టుక చెబుతాడు. ఈ మార్కర్ మొదట తయారైంది అమెరికాలో చెట్లకీ పశువులకీ దూరంనుంచి రంగుగుర్తు వెయ్యడానికట. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్‌లోని హెనికర్ దగ్గర అడవిలో 12 మంది దాంతో మొదటి ఆట ఆడారు. గెలిచినాయన రిచీ వైట్ అనే ఫారెస్టరు, జెండాలన్నీ పట్టుకొచ్చాడు, ఒక్క తూటా కూడా పేల్చలేదు.

"పశువులకా? అయితే రేపు కనుమకి మా గిత్త కొమ్ములకి..."

"వద్దండీ బాబూ. బెదిరి తాడు తెంచుకుంటుందండీ."

మావగారు తలూపి, ఓ మార్కర్ తీసుకుని, స్టీలు డబ్బాలోంచి 200 బాల్స్ లెక్కపెట్టి పోయించుకుని లోపలికి వెళతారు. అరవయ్యేళ్ళుగా ఆ తోటకి నీళ్ళు పెట్టిన మనిషి. ఏ బోదె ఎక్కడ మలుపు తిరిగేదీ, ఏ గట్టు వెనక అరటిపిలకలు గుబురుగా ఉన్నదీ కళ్ళు మూసుకుని చెబుతారు. అల్లుడుగారూ బావమరుదులూ ఒకళ్ళమీదొకళ్ళు వడియాలు కాల్చుకుంటుండగా, ఆయన నడుం వంచి ఎండిన బోదెలోంచి నింపాదిగా నడిచిపోయి, చివరి చెట్టుకి జెండాగా కట్టిన ఎర్రతువ్వాలు విప్పుకుని భుజాన వేసుకుని వచ్చేస్తారు.

"ఇవి 200 అలాగే ఉన్నాయి. వెనక్కిస్తే డబ్బులిస్తారా బాబూ?"

"విప్పిన సరుకు తీసుకోవండీ."

మావగారు డాబా వైపు తలెత్తుతారు. "ఏవోయ్, వీటినేం చెయ్యమంటావ్?"

అత్తగారు వడియాలు తిరగేస్తూనే ఉన్నారు. "పైకి పంపండి. ఇక్కడింకా చోటుంది."