సవరణ: వంటింటి ఆర్‌ఓ నీరు ఉప్పునీటి తొట్టెకు చాలదు

ఉప్పునీటి అక్వేరియంలో నాచు తగ్గాలంటే ఆర్‌ఓ నీరే వాడాలని ఇంతకుముందు రాశాను. దానికి వివరణ అవసరమైంది. ఇక్కడ చెన్నైలో కొందరు తెలుగు మిత్రులు వంటింటి యంత్రం నీటినే తొట్టెలో పోస్తున్నారు.

ఆ యంత్రం తాగునీటి కోసం తయారైంది. రుచి కోసం చాలా యంత్రాలు శుద్ధి చేసిన నీటిలో కొంత ముడి నీటిని మళ్లీ కలుపుతాయి. ఇంటికి వచ్చేది బోరు నీరో ట్యాంకర్ నీరో అయితే దాని వెంట నాచుకు మేతయ్యే నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు కూడా రావచ్చు. మన ఎండలకు తొట్టెలో నీరు రోజూ తగ్గుతుంది. ఆవిరయ్యేది నీరే, ఇవి కావు. లోటు పూడ్చేందుకు పోసే ప్రతి చెంబూ వాటిని పెంచుతూనే ఉంటుంది.

కావలసింది ఆర్‌ఓ తర్వాత డీఐ రెసిన్ (నీటిలో మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) గుండా కూడా వచ్చిన నీరు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపాలి. సిలికేటు ఆ మీటరుకు సరిగా చిక్కదు, రెసిన్ అరిగితే ముందుగా జారిపోయేదీ అదే. అందుకే అంకె పెరిగేదాకా ఆగకుండా రెసిన్ మార్చండి.

నీరు మార్చిన మర్నాడే పచ్చని వెంట్రుకల నాచు పోదు. రాళ్లలో ఇంకిన ఫాస్ఫేటు మెల్లగా ఊరుతూనే ఉంటుంది. అది తగ్గేదాకా నాచును చేత్తో పీకుతూ ఉండండి, దయచేసి నాచు మందులు పోయకండి. కొత్త తొట్టెలో ఇసుకపై కనిపించే గోధుమరంగు పొర వేరు. అది డయాటమ్‌లనే సూక్ష్మజీవుల పొర, సాధారణంగా కొన్ని వారాల్లో తానే తగ్గుతుంది.