పాట మారిస్తే చెప్పి మార్చండి

పాత ఎఫ్ఎం స్టేషన్ల మాట ఎత్తితే చాలు, ఆ జింగిల్‌ని ఇప్పటికీ తప్పు పోకుండా పాడి వినిపించేవాళ్లు, రాత్రి ప్రోగ్రామ్ అనౌన్సర్ గొంతును అనుకరించేవాళ్లు బయటికొస్తారు. ఆ స్టేషన్ ఎప్పుడు, ఎందుకు మారిపోయిందని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేరు, ఎందుకంటే వాళ్లకెవరూ చెప్పలేదు. నిన్నటిదాకా శాస్త్రీయ సంగీతం, ఇవాళ్టి నుంచి హిట్ పాటలు, అంతే. కొన్ని స్టేషన్లయితే మార్పుకు ముందు ఒకే పాటను గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి తిప్పితిప్పి వేస్తాయి, కొత్తవాళ్ల దృష్టి పడాలని. ఇన్నేళ్లు విన్నవాళ్ల కోసం ఒక్క నిమిషం కేటాయించరు.

ఫార్మాట్, అంటే ఏ రకం పాటలు, కార్యక్రమాలు వేయాలన్నది, మార్చుకునే హక్కు స్టేషన్‌కు ఉంది. చెప్పాపెట్టకుండా మార్చడం మాత్రం తప్పని మేం గట్టిగా నమ్ముతున్నాం.

న్యూయార్క్‌లో డబ్ల్యూఎన్‌సీఎన్ అనే శాస్త్రీయ సంగీత స్టేషన్ 1974లో రాక్‌కు మారిపోతే శ్రోతలు ఊరుకోలేదు. సంఘం కట్టారు, నియంత్రణ సంస్థ దాకా వెళ్లి పోరాడారు, మరుసటి ఏడాదే తమ సంగీతాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. కానీ ఫార్మాట్ల సంగతి మార్కెట్‌కే వదిలేయొచ్చని 1981లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది, 1993 చివర్లో ఆ స్టేషన్ మళ్లీ రాక్ అయింది, ఈసారి తిరిగి రాలేదు. 1996లో అక్కడ టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చాక పరిస్థితి ఇంకా ముదిరింది. అప్పటిదాకా దేశం మొత్తం మీద ఒక కంపెనీకి 40 స్టేషన్లే పరిమితి, దాన్ని ఎత్తేశారు, కొన్నేళ్లకే ఒక్క కంపెనీ చేతిలో వెయ్యికి పైగా చేరాయి. ఎక్కడో కూర్చుని రికార్డు చేసిన గొంతునే పది ఊళ్లలో వినిపిస్తే ఖర్చు తగ్గుతుంది, నిజమే, కానీ ఊళ్లో వరద వచ్చిన రాత్రి ఆ గొంతుకు ఏం తెలుస్తుంది? అది లోకల్ రేడియో ఎలా అవుతుంది?

మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇంకొకటి. లైవ్‌లో వెళ్లిపోయిన ఆ కబుర్లలో, ఫోన్ కాల్స్‌లో చాలా భాగాన్ని స్టేషన్లు దాచలేదు. మిగిలిందల్లా శ్రోతలు ఇళ్లలో టేప్ చేసుకున్న క్యాసెట్లే, అవి కూడా పాడైపోతున్నాయి.

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆ ఆస్తిని వాడుకుంటున్నప్పుడు మార్పుకు ఓ నెల ముందు ప్రసారంలోనే ప్రకటించడం, వెళ్లిపోతున్న అనౌన్సర్లకు చివరి ప్రోగ్రామ్ ఇవ్వడం కష్టమేమీ కాదు. ఉన్న రికార్డింగులను పబ్లిక్ లైబ్రరీకి అప్పగించాలన్న షరతును లైసెన్సులోనే రాయాలి, అదీ క్యాసెట్లు ఇంకా మోగుతున్న ఈ కొద్దికాలంలోనే.