ఒక్క బుష్ చేసిపెట్టేవాళ్లే లేరా?

పాత బ్రిటిష్ టేబుల్ ఫ్యాన్‌ ఒకటి బాగుచేస్తున్నాను. కావలసింది ఒక్క గన్‌మెటల్ బుష్ (షాఫ్ట్, అంటే ఫ్యాన్ ఇరుసు, తిరిగే చిన్న కంచు గొట్టం), రెండు స్క్రూలు. హైదరాబాద్ బాలానగర్‌లో ఏ లేత్ షాపులో అడిగినా మొదటి మాట "ఎన్ని పీసులు?" ఒకటే అనగానే మొహం తిప్పేసుకుంటారు. ఒకటైనా వందైనా మిషన్ సెట్ చేయడానికి అంతే టైం పడుతుంది, వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. ఆ టైంకి కూడా డబ్బులిస్తానన్నాను కదా! అయినా "రేపు రండి" అంటారు. ఆ రేపు రానే రాదు.

చివరికి ఒకాయన చేసిచ్చారు. 8 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి 0.02, 0.03 మిల్లీమీటర్ల సందు చాలు. షాఫ్ట్ చేతికిచ్చినా ఒక్కసారి దూర్చి చూడలేదు. బుష్ లూజైంది, ఇప్పుడు ఫ్యాన్ వేస్తే గడగడమంటోంది.

స్క్రూలది ఇంకో బాధ. అవి 2బీఏ అనే పాత బ్రిటిష్ సైజు, అంటే 4.7 మిల్లీమీటర్లు. ఎం5, అంటే 5 మిల్లీమీటర్లది ఇచ్చి "గట్టిగా తిప్పండి, అదే పడుతుంది" అంటారు. పడదండీ! ఇత్తడిలో ఉన్న పాత థ్రెడ్ కాస్తా పాడవుతుంది. మళ్లీ అలాంటి బాడీ ఎక్కడ దొరుకుతుంది?

2బీఏ థ్రెడ్ కోసే ట్యాప్, డై ఉన్న షాపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఎంత దూరమైనా వస్తాను.