తెల్ల కాగితమా, నీకు స్టాంపెక్కడ వేయించను?

మహారాజశ్రీ సాదా బైనామా గారికి,

మా బాపు ట్రంకుపెట్టెలో ముప్పై మూడేళ్లుగా నాలుగు మడతల్లో పడుకున్న మీకు, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం పత్రానికి, ఆయన కొడుకు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనే రాద్దామనుకున్నాను. కానీ మీరు మడతల దగ్గర చిరిగారు, నేను కోర్టు మెట్ల దగ్గర చిరిగాను.

మీరు పుట్టిన రోజు నాకు గుర్తుంది. 1992 ఎండాకాలం, మా ఊరి రచ్చకట్ట. రెండెకరాలు, పద్దెనిమిది వేలు. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోవాలంటే రెండు బస్సులు మారాలి, స్టాంపు ఖర్చులో ఒక దుక్కిటెద్దు వస్తుంది. పైగా అమ్మినాయన, మా బాపు మామా అల్లుడా అని పిలుచుకునేవాళ్లు. 'మన మధ్య రిజిస్ట్రేషనేందిరా' అన్నాడాయన. అట్లా నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద మీరు అవతరించారు. ఆయన నిశాని (వేలిముద్ర) వేశాడు, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు, అందరూ కలిసి కల్లు తాగారు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మితే రిజిస్ట్రేషన్ చేయాల్సిందేనని 1908లోనే చట్టం ఉందని ఆ కట్ట మీద ఎవరికీ తెలియదు. తెలిసినా కల్లు ఆగేది కాదు.

మీ భాషంటే నాకు ఇష్టం. 'నా స్వంత బుద్ధితో, ఒకరి బలవంతం లేకుండా అమ్మి, పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించుకొనగలందులకు ఈ దినమే కబ్జా ఇచ్చినాను.' ఆ చివరి మాటే నా కొంప ముంచింది. మీరు పుట్టిన కాలంలో కబ్జా అంటే స్వాధీనం. ఇప్పుడు పేపర్లో కబ్జా అంటే దోచుకోవడం. హైదరాబాద్ చుట్టూ వేసే ట్రిపుల్ ఆర్ (రీజినల్ రింగ్ రోడ్డు) మా వైపే వస్తుందన్న కబురు ఊళ్లోకి రాగానే, అమ్మినాయన కొడుకులు పట్నం నుంచి కారులో దిగి అదే మాట నా మీదికి విసిరారు. 'మా నాయన భూమి కబ్జా చేసినవ్, అన్నా' అని. అన్నా అనడం మాత్రం మర్చిపోలేదు.

తప్పు వాళ్లది కూడా కాదేమో. పట్టా ఇప్పటికీ వాళ్ల నాయన పేరు మీదే ఉంది. పాత పహాణీలో, అంటే ఊరి భూమి లెక్కల పుస్తకంలో, కనీసం సాగులో ఉన్నవాడి పేరు రాసే 'అనుభవదారు' కాలమ్‌లో మా బాపు ఉండేవాడు. సర్కారు ఆన్‌లైన్ భూమి రికార్డు ధరణి వచ్చాక ఆ కాలమే పోయింది. దున్నినవాడికి భూమి మీద చోటుంది, కంప్యూటర్లో లేదు.

వాళ్లు గెట్టు మీద కడీలు (హద్దు రాళ్లు) పాతుతున్నారని ఠాణాకు పోతే, 'ఇది సివిల్ మ్యాటర్' అన్నారు. వకీలు దగ్గరికి పోతే మిమ్మల్ని రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని ఎత్తినట్టు ఎత్తారు. స్టాంపు లేదు కాబట్టి ముందు తక్కువైన సుంకం, దాని మీద పది రెట్ల దాకా జరిమానా కట్టాలట. అదంతా కట్టినా మీరు అమ్మకానికి సాక్ష్యం కారట. మేం ఆ భూమిలోకి ఎలా వచ్చామో చెప్పడానికి మాత్రం పనికొస్తారట. అంటే పెళ్లి అయిందో లేదో మీరు చెప్పకూడదు, పప్పన్నం తిన్నామని మాత్రం చెప్పొచ్చు.

'పన్నెండేళ్లు దాటింది కదా సార్, ప్రతికూల స్వాధీనం కింద భూమి మాదే అయిపోదా?' అన్నాను, ఎవరో చెబితే విని. ఆయన నవ్వారు. 'అసలు యజమానికి ఎదురు తిరిగి, ఇది నాదే అని బహిరంగంగా కూర్చోవాలి. మీది ఒప్పందం, ఆయన అనుమతితోనే వచ్చారని అవతలివాళ్లు వాదిస్తారు' అన్నారు. మా బాపు ఎంత పొరపాటు చేశాడు! డబ్బులిచ్చి, కల్లు పోయించి, మామా అని పిలిచాడు. ఆ రోజే కర్ర పట్టుకుని నాలుగు బూతులు తిట్టి దిగి ఉంటే మా కేసు గట్టిగా ఉండేది.

సరే, తెలంగాణ సర్కారుకైనా మీ మీద జాలి ఉందిగా. 2020 అక్టోబరులో, 2014 జూన్ 2కు ముందు కొన్న సాదా బైనామాలను క్రమబద్ధం చేస్తామంటే మీసేవలో లైన్ కట్టి అర్జీ పెట్టాను. గడువు నవంబరు 10. భూమి రికార్డుల కొత్త చట్టం అక్టోబరు 29నే వచ్చి, మిమ్మల్ని క్రమబద్ధం చేసే పాత చట్టాన్ని రద్దు చేసింది. కొత్తదాంట్లో మీ ఊసే లేదు. అర్జీలు మాత్రం తీసుకుంటూనే ఉన్నారు, సుమారు 9 లక్షలు. తర్వాత వాటి మీద హైకోర్టు స్టే. మీ చుట్టాలు అంతమంది ఉన్నారని అప్పుడే తెలిసింది. 2025లో భూభారతి అనే మరో చట్టం వచ్చి మీకు మళ్లీ ఒక సెక్షన్ కేటాయించింది. చిన్న, సన్నకారు రైతు అయి ఉండాలి, పన్నెండేళ్లుగా సాగులో ఉండాలి, అప్పట్లో అర్జీ పెట్టి ఉండాలి. మూడూ ఉన్నాయి. ఇక ఆర్డీఓ (రెవెన్యూ డివిజన్ అధికారి) గారి విచారణ.

ఆ విచారణ తలుచుకుంటేనే టెన్షన్. మీలో తూర్పు హద్దు 'చింతచెట్టు' అని ఉంది. దాన్ని నరికి పదిహేనేళ్లయింది. పడమర 'బండ్ల బాట'. దాని మీద ఇప్పుడు వెంచర్ వాళ్ల కమాను ఉంది. సర్వే నంబరు 'లోగల రెండెకరాలు' అన్నారు, ఏ మూల రెండెకరాలో రాయలేదు. సాక్షులిద్దరూ కాటికి పోయారు, దస్తూరి రాసినాయన వాళ్లకంటే ముందే పోయాడు. మా బాపు పోయిన ఏడాది పోయాడు. ఆ రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్లలో మిగిలింది మీరొక్కరే. మీరేమో నోరు విప్పడానికి వీల్లేదు.

ఇట్లు,
మీ కబ్జాలో ఉన్నవాడు

తా.క.: మీరు చిరుగుతున్నారని భయపడి లామినేషన్ చేయించాను. వకీలు గారు తల పట్టుకున్నారు. రేపు సుంకం కడితే ఆ ముద్ర ఈ ప్లాస్టిక్ మీద ఎట్లా వేస్తారయ్యా అని.