ముందు ఆ ఎర్ర గడి తీసెయ్యండి

ఇప్పుడే మా అపార్ట్‌మెంటు వెయిట్ లాస్ గ్రూపులోంచి బయటికొచ్చేశాను. రాత్రి తొమ్మిదైంది, ఇంకా అన్నం తినలేదు, డైటింగ్ వల్ల కాదు, ఒళ్ళు మండిపోయి.

పొద్దున కమ్యూనిటీ హాల్లో ఆదివారం తూకం. 202 ఫ్లాటు పిన్నిగారు పోయిన వారం కంటే 400 గ్రాములు పెరిగారు. నాలుగొందల గ్రాములు! రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి మిషనెక్కితే ఎవరైనా పెరుగుతారు అంత. దాన్ని ఎక్సెల్ షీట్లో ఎర్ర గడిలో వేసి, ఆ షీటుని ముప్ఫై నలుగురున్న గ్రూపులో పెట్టి, కింద మా కోచ్ గారు రాసిన మాట ఇది: "చీట్ డే బాగా ఎంజాయ్ చేసినట్టున్నారు ఆంటీ". చీట్ డే అంటే డైటింగ్‌కి సెలవిచ్చి ఇష్టమొచ్చింది తినే రోజట. పక్కన మూడు నవ్వు బొమ్మలు. దానికి పదకొండు మంది నవ్వారు. లెక్కపెట్టాను, ఇందాక మళ్ళీ లెక్కపెట్టాను, పదకొండే.

నిన్న వాళ్ళాయన తద్దినం. ఆవిడ తిన్నది రెండు గారెలు, ఇంత పరమాన్నం. అదీ బ్రాహ్మల భోజనాలయ్యాక, మధ్యాహ్నం రెండున్నరకి. ఎంజాయ్ చేసిందట.

పిన్నిగారు తిరిగి ఒక్క ముక్క అనలేదు. 10:42కి గ్రూపులో చిన్న బూడిదరంగు గీత, ఆవిడ నంబరు, పక్కన లెఫ్ట్ అని. అంతే. ఆ తర్వాత ఎవరో మొలకల ఫొటో పెట్టారు, గుడ్ మార్నింగ్ ఫ్యామిలీ అంటూ. ఫ్యామిలీ!

అసలు ఈ గ్రూపు ఎవరిదో చెప్తాను వినండి. పోయిన ఆషాఢంలో మేము ఏడుగురం ఆడవాళ్ళం మొదలుపెట్టాం. మా వైజాగ్‌లో పాండురంగాపురం నుంచి దిగి బీచ్ రోడ్డు మీద కురుసుర సబ్‌మెరీన్ దాకా నడిచి వెనక్కి రావడం, పొద్దున్నే అక్కడ బళ్ళు తిరగనివ్వరు కాబట్టి రోడ్డంతా మనదే. గ్రూపుకి పేరేం పెడదామా అని కొట్టుకుంటుంటే టీవీలో వాతావరణం చెప్తున్నాడు, ఉత్తర కోస్తాలో మోస్తరు నుంచి భారీ వర్షాలని. ఏడుగురం మొహమొహాలు చూసుకున్నాం. అంతే, గ్రూపు పేరు "మోస్తరు నుంచి భారీ". ఇప్పుడా పేరు కూడా లేదులెండి, అసోసియేషన్ వాళ్ళు ఇంగ్లీషులో ఫిట్ అనీ ఫ్యాబ్ అనీ ఏదో పెట్టుకున్నారు.

మాకు ఒకటే రూలు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు తిన్నదంతా రాయాలి, అబద్ధం రాయకూడదు. 304 అక్క రాసేది, "పిల్లాడి ప్లేటులో మిగిలిన పూరీ ఒకటిన్నర, పారెయ్యలేక". 501 అమ్మాయి, పసిపిల్ల తల్లి, రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు తీసి వెలుతుర్లో నిలబడి మిల్క్‌మెయిడ్ చెంచాతో తిన్నానని రాసింది. నేనైతే మాడుగుల హల్వా. ఎవరో తెచ్చిన పావుకిలో డబ్బా దేవుడి గూట్లో దాచి, దీపం పెట్టే వంకతో రోజుకి రెండుసార్లు వెళ్ళొచ్చి మూడ్రోజుల్లో ఖాళీ చేశాను. చచ్చే సిగ్గేసింది రాయడానికి. పిన్నిగారి జవాబు: "దేవుడికేమైనా మిగిల్చావా?" అంతే, ఒక్కళ్ళు నీతులు చెప్పలేదు, ఎన్ని క్యాలరీలో చెప్పలేదు. మర్నాడు 304 అక్క నా చెయ్యి పట్టుకుని ఇంకో రౌండు తిప్పింది, హల్వా రౌండట అది.

చూడండి, ఏం తినాలో ఏం తినకూడదో తెలీని వాళ్ళెవరున్నారండీ ఈ రోజుల్లో. హైదరాబాదు తార్నాకలో ఎన్ఐఎన్ ఉంది, జాతీయ పోషకాహార సంస్థ, 2024లో పదిహేడు సూత్రాలతో పెద్ద పుస్తకమే వేశారు, పళ్ళెంలో కూరలెంత గింజలెంత అన్నీ ఉన్నాయి. తెలీక కాదు తినేది. దాచుకుని తింటాం, దాచుకున్నందుకు ఏడుస్తాం, ఏడుపొచ్చినందుకు మళ్ళీ తింటాం. పక్కింటావిడ కూడా అదే చేస్తోందని తెలిస్తే సగం దాపరికం పోతుంది. మిగతా సగం కాలింగ్ బెల్లు. మొగుడు లేపితే లేవను గానీ ఐదుంపావుకి 304 అక్క బెల్లు కొడితే చచ్చినట్టు లేస్తాను, ఎందుకంటే ఆవిడ తలుపు తీసేదాకా కొడుతూనే ఉంటుంది.

మేమేదో కొత్తగా కనిపెట్టామని కాదు. న్యూయార్క్‌లో జీన్ నిడెచ్ అనే ఆవిడ 1961లో ఇదే చేసింది. ప్రభుత్వ క్లినిక్‌కి వెళ్తే డైట్ కాయితం ఇచ్చారు, దాన్ని పాటిస్తూనే చాటుగా బిస్కెట్లు లాగిస్తోంది, అక్కడ ఒప్పుకోడానికి మొహం చెల్లలేదు. ఇంటికి ఆరుగురు స్నేహితురాళ్ళని పిలిచి వాళ్ళ దగ్గర చెప్పుకుంది, వాళ్ళూ తమ దొంగతిండ్లు బయటపెట్టారు. అదీ వెయిట్ వాచర్స్ పుట్టుక. 1963లో కంపెనీ అయింది, 1978లో హైంజ్ కొనేసింది, సాసుల హైంజే. అంటే ఆరుగురు కూర్చుని మనసు విప్పుకునే చోటికి డబ్బా పట్టుకుని ఎవడో ఒకడు రాక మానడన్నమాట. మాకు మా కోచ్ గారు వచ్చారు.

సంక్రాంతి అయ్యాక అసోసియేషన్ సెక్రటరీ గారికి మా ఏడుగురిని చూసి ముచ్చటేసింది. తొంభై రోజుల ఛాలెంజ్ అన్నారు. మొదటి బహుమతి ఎయిర్ ఫ్రయర్. పెరిగితే వంద రూపాయలు ఫైన్. తగ్గితే పచ్చ గడి, పెరిగితే ఎర్ర గడి. ఒక కోచ్, ఆయన చేతిలో ఒక పౌడరు డబ్బా, డబ్బా ధర చెప్తే మీకూ ఆకలి చచ్చిపోతుంది, అలా పనిచేస్తుందేమో బహుశా. మొదటివారం కొందరు మూడేసి నాలుగేసి కిలోలు తగ్గారు. ఒకటే చప్పట్లు. అయ్యా, అన్నం మానేస్తే ముందు ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం ఖర్చవుతుంది, దాని గ్రాముకి మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది, అది పోయింది. కొవ్వు కాదు. కిలో కొవ్వు కరగాలంటే 7,700 క్యాలరీలు, వారంలో నాలుగు కిలోలు ఏ లెక్కన కరుగుతుందో సెక్రటరీ గారు బ్యాంకులో రిటైరయ్యారు కదా, ఆయనే వేసి చెప్పాలి. ఇలాంటివి మనకి కొత్తా? 2018లో బరువు తగ్గుతామని ఊరు ఊరంతా కొబ్బరినూనె తాగింది. మా ఇంట్లో ఆ డబ్బా ఇంకా ఉంది, దీపాలకి వాడుతున్నాను.

ఛాలెంజ్ మొదలైన రెండో వారం నుంచే రాత్రిపూట రాసుకోవడం ఆగిపోయింది. ముప్ఫై నలుగురిలో ఎవరు రాస్తారు పూరీ ఒకటిన్నర అని? అందరూ మొలకలే, అందరూ కీరా ముక్కలే. మరి రాత్రి పదింటికి లిఫ్ట్ దగ్గర బిర్యానీ పొట్లాలతో నిలబడే డెలివరీ కుర్రాళ్ళు ఏ ఫ్లాటుకి వస్తున్నారో పైవాడికే తెలియాలి. శనివారం వస్తే చాలు, మంచినీళ్ళు మానేసేవాళ్ళు, ఆదివారం గాజులూ నల్లపూసలూ తీసి మిషనెక్కేవాళ్ళు. 501 అమ్మాయి చంటిదానికి పాలిస్తూ శనివారం రాత్రుళ్ళు అన్నం మానేస్తోందని నాకు మొన్ననే తెలిసింది. ఎందుకే అంటే, "ఎర్ర గడి పడుతుందక్కా, మా అత్తగారు కూడా ఆ గ్రూపులో ఉన్నారు" అంది. ఇంకేం చెప్పను.

చిన్నప్పుడు రైల్వే స్టేషన్లో రంగురంగుల లైట్లు తిరిగే తూకం మిషనుండేది గుర్తుందా? నాణెం వేస్తే టక్కుమని చిన్న అట్టముక్క పడేది. ఒకవైపు బరువు, ఇంకోవైపు మీకు త్వరలో ధనయోగం. ప్లాట్‌ఫారం మీద వెయ్యి మందున్నా నా బరువు నా గుప్పిట్లోనే ఉండేది. ఆ ఇనప్పెట్టెకున్న పాటి సంస్కారం లేదు వీళ్ళకి.

పిన్నిగారి సంగతి మీకు తెలీదు కదా. 61 ఏళ్ళు, థైరాయిడ్, రెండు మోకాళ్ళూ అరిగాయి. ఎనిమిది నెలల్లో ఆరు కిలోలు తగ్గారు. ఒంట్లో కిలో తగ్గితే మోకాలి మీద అడుగడుక్కీ నాలుగు కిలోల బరువు తగ్గుతుందట, అంటే ఆవిడ వేసే ప్రతి అడుగులో ఇప్పుడు పాతిక కిలోల బియ్యం బస్తా దించినట్టే. కోచ్ గారు ఫారం నింపుతూ మీ టార్గెట్ ఎంత ఆంటీ అనడిగితే ఆవిడ చెప్పింది: "హనుమంతవాక". ఈ ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ తిరగలేను గానీ కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి కనీసం హనుమంతవాక దాకా నడుస్తానని ఆవిడ పంతం. బాబాయిగారు ఉన్నప్పుడు ఇద్దరూ ఏటా తిరిగేవాళ్ళు. ఆ కోచ్ హనుమంతవాక అనే గడి లేదండీ అని 65 కేజీలు అని రాసుకున్నాడు.

అన్నట్టు ఈ ముప్ఫై నలుగురిలో మగవాళ్ళు ఎందరో తెలుసా? ఇద్దరు. వాళ్ళు మిషనెక్కరు. వాళ్ళు ఆర్గనైజింగ్ కమిటీ. సెక్రటరీ గారి చొక్కా నాలుగో గుండీ ఏ ఆదివారం ఎవరి కంట్లో పడుతుందో అని మేం భయపడుతూ నిలబడతాం, ఆయన మాత్రం మా గడులకి రంగులేస్తాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రాలో నూటికి 36 మంది ఆడవాళ్ళు బరువెక్కువట, మగవాళ్ళు 31. తేడా అయిదుగురే. మాటలు మాత్రం నూటికి నూరూ మాకే. మగాడికి పొట్టొస్తే "పర్సనాలిటీ వచ్చింది", పెళ్ళయ్యాక "కాస్త ఒళ్ళు చేశాడు, అమ్మాయి బాగా చూసుకుంటోంది". ఆ అమ్మాయి ఒళ్ళు చేస్తే? అప్పుడెవరు బాగా చూసుకుంటున్నట్టు?

సరే, ఎలాగూ మొదలెట్టాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. 2022లో మా పెద్దదాని ఓణీల ఫంక్షన్. నేనప్పుడు 83 కిలోలు. ఆకుపచ్చ కంచిపట్టు చీర, ఆ చీర కోసం ఏడాది చీటీ కట్టాను. స్టేజి మీద కూతురి పక్కన నిలబడితే ఫొటోగ్రాఫర్ కుర్రాడు, "మేడమ్, మీరు కొంచెం వెనక్కి నిలబడండి, ఫ్రేములో పాప కనపడట్లేదు" అన్నాడు. మైకు ఆన్‌లో ఉంది. వాడు చిన్నపిల్లాడు, వాడినేమనను. మా వదినగారు, అంటే మా ఆయన అక్కగారు, ముందు వరసలోంచి, "మా తమ్ముడింట్లో తిండికి లోటు లేదని అందరికీ తెలియాలిగా!" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వారు. ఇంటికొచ్చాక సరదాకి అందిలే అన్నారు. ఇప్పుడు ఏడున్నర కిలోలు తగ్గానా, మొన్న సంక్రాంతికి అదే వదినగారు, "అదేంటే, మొహం పీక్కుపోయింది, షుగరేమైనా వచ్చిందా?" అని అడిగారు నలుగురిలో. వదినా, మీరిది చదువుతారని తెలుసు. షుగర్ రాలేదు. హెచ్‌బీఏ1సీ 5.4. మీదెంతో కూడా చెప్పండి.

ఆ రోజు స్టేజి మీద ఏం జరిగిందో మాత్రం పూర్తిగా చెప్పాలి. నేను వెనక్కి జరగబోతుంటే కింద నుంచి పిన్నిగారు, అప్పటికే మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఒక్కోటీ పట్టుకుని ఎక్కొచ్చి నా చెయ్యి లాగి ముందు నిలబెట్టి తను పక్కన నిలబడింది. "ఫ్రేము చాలకపోతే నువ్వే నాలుగడుగులు వెనక్కెళ్ళు నాయనా" అంది వాడితో. ఆల్బంలో ఆ ఫొటో ఉంది. నేనూ, ఆవిడా, మధ్యలో పిల్ల. ముగ్గురం బాగానే కనపడుతున్నాం.

ఆ మనిషిని ఎర్ర గడిలో పెట్టారు వీళ్ళు.

గ్రూపులోంచి వచ్చేముందు ఒకటే రాశాను, నిన్న తద్దినమని, ముందు ఆ షీటు తీసెయ్యమని. సెక్రటరీ గారు "రూల్స్ ఆర్ రూల్స్ మేడమ్" అన్నారు. కోచ్ గారు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, వెంటనే పౌడరు మీద పదిశాతం తగ్గింపు అని ఇంకో మెసేజ్ పెట్టారు. పిన్నిగారికి ఫోన్ చేశాను. ఏడవలేదు ఆవిడ. "ఆ పదకొండు మందిలో 304 ఉందామ్మా?" అని అడిగింది.

ఉంది. ఏడో పేరు ఆవిడదే.

చూడకుండా నొక్కిందో, అందరూ నవ్వుతున్నారని నొక్కిందో తెలీదు. ఇందాక బెల్లు కొట్టింది, నాలుగుసార్లు. నేను తలుపు తియ్యలేదు. పొద్దున ఐదుంపావుకి మళ్ళీ కొడుతుంది, ఆవిడ సంగతి నాకు తెలుసు. ముందు 202కి తీసుకెళ్ళి ఆ బెల్లు కొట్టిస్తాను. పిన్నిగారు తలుపు తీస్తే అప్పుడు ముగ్గురం కలిసి దిగుతాం.